ఎదురింటి మేనరికం

ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక రోజారమణికి లేదు. ప్రశ్న తనే వేస్తుంది, జవాబూ తనే చెప్పేసుకుంటుంది, ఆ తర్వాత ఆ జవాబు ఎదుటివాళ్ళ నోటి నుంచే వచ్చిందని నమ్మేస్తుంది. విశాఖ ఉక్కునగరంలో వాళ్ళ సెక్టారులో ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకే తెలియదు. అందులో సగం నిజం, మిగతా సగం ఆవిడ సొంత వంటకం.

ఎదురు క్వార్టర్లో కొత్తగా దిగినవాళ్ళ సంగతీ ఆవిడ అలాగే తేల్చేసింది.

మొదట ఒక కుర్రాడు కనిపించాడు. ముప్ఫై లోపు వయసు, సన్నటి మనిషి, కోటేరు ముక్కు, ఈ కాలం పిల్లల్లాగా వెనక ముడేసిన జుట్టు. పేరు సాయిశంకర్. తాడేపల్లిగూడెం వైపు వాళ్ళు. ప్లాంటులో ల్యాబు ఉద్యోగం. హెల్మెట్ చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ "నమస్కారం పిన్నిగారండీ" అని పలకరించాడు. మాట తీరు చూసి, పెంచినవాళ్ళు పద్ధతిగా పెంచారని సంతోషించింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆ బాల్కనీలోనే ఒకమ్మాయి బట్టలు ఆరేస్తూ కనబడింది. చుడీదారు, భుజాల మీదికి జుట్టు, చెవులకు చిన్న జూకాలు. పేరు నీలిమ అంది. గొంతు కాస్త బొంగురు. ఊరికి కొత్త కదా, ప్లాంటు కోకు బొగ్గు దుమ్ము గొంతుకు పట్టుకుందనుకుని రోజారమణి మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

కుర్రాడు కనిపించిన రోజున పిల్ల కనిపించదు. పిల్ల కనిపించిన రోజున కుర్రాడు లేడు. ఇంకో ఊళ్ళో అయితే ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునేవాళ్ళేమో గాని, ఉక్కునగరంలో అది వింతేం కాదు. మొగుడు పొద్దుటి ఏ షిఫ్టు, పెళ్ళాం రాత్రి సీ షిఫ్టు, తాళంచెవి మాత్రం పక్కింట్లో ఉండే కాపురాలు ఆవిడ బోలెడు చూసింది. ఈ పిల్ల కూడా ఎక్కడో ఎదురు షిఫ్టు ఉద్యోగం చేస్తోందని తీర్మానించింది. ఇక ఆ ముక్కంటారా, ఇద్దరిదీ అచ్చంగా ఒకటే ముక్కు.

"మేనరికమా మీది?" అని అడిగింది ఒకరోజు. నీలిమ నోరు విప్పేలోపే, "మేనరికమే, సూత్తే తెలీదేటి! మేనత్త పోలిక మేనకోడలికి రాదా?" అని తేల్చేసింది. నీలిమ తల వంచుకుని నవ్వింది. సిగ్గుపడిందనుకుంది.

రోజారమణికి ఆ జంటంటే ప్రాణం. ఎందుకంటే ఆ ఇంట్లోంచి ఎన్నడూ ఒక్క గొడవ వినపడలేదు. "మనమూ ఉన్నాం, ఎందుకూ! ఆలని సూసి నేర్సుకో" అని మొగుడు గురునాథరావుని దెప్పేది. రోలింగ్ మిల్లులో క్రేను నడిపే గురునాథరావు ఇంట్లో పెద్దగా మాట్లాడడు. మాట్లాడే పని ఆవిడ చూసుకుంటుంది కదా అని ఆయన ధీమా.

దసరా వెళ్ళాక ఒకరోజు స్నానం చేస్తుంటే రోజారమణి చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. అంత మాటకారికీ నోరు పెగల్లేదు. మొగుడికి చెప్పలేదు. ఆయన తమ్ముడి భార్య రొమ్ము క్యాన్సరుతోనే పోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా ఆయన ముఖం పాలిపోతుంది. పైగా అంత ఎత్తున క్రేను మీద కూర్చునే మనిషి. గోంగూర ఆకు తుంచుతూ తుంచుతూ నీలిమకి చెప్పేసింది. చెప్పి ఏడ్చింది.

నీలిమ మర్నాడే ఆవిణ్ణి ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్ష చేసే గదిలో ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. మెళ్ళో పుస్తెలు తియ్యమనేసరికి రోజారమణి మొండికేసింది. అప్పుడు నీలిమ తన హ్యాండుబ్యాగులోంచి పసుపుతాడుకు కట్టిన పసుపుకొమ్ము తీసింది. "అడుగుతారని తెలుసు పిన్నీ. తెచ్చాను. ఇది మెళ్ళో ఉంటే మెడ బోసిగా ఉండదు" అంది. రోజారమణి అది కట్టుకుని, నీలిమని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది. పరీక్ష అయ్యేదాకా నీలిమ ఆవిడ చెయ్యి వదల్లేదు. ఉత్త కొవ్వు గడ్డేనని డాక్టరమ్మ చెప్పాక ఇద్దరూ వన్ టౌన్ వెళ్ళి కనకమహాలక్ష్మి అమ్మవారికి పసుపు కుంకుమలు పోశారు. అక్కడ రోజారమణి మనసులో మొక్కుకుంది. మార్గశిరంలో గురువారం నాడు ఆలుమగల్ని పీటల మీద కూర్చోబెట్టి, చీరా పంచె పెట్టి తాంబూలమిస్తాను తల్లీ అని. ఏ జంటనో వెతుక్కునే పని కూడా లేకపోయింది.

మార్గశిరం వచ్చింది. రోజారమణి ఎదురింటి తలుపు కొట్టింది. సాయిశంకర్ తీశాడు.

"బాబూ, వొచ్చే గురువారం మీరిద్దరూ మా ఇంటికి రావాల. పీటలేసి కూకోబెట్టి తాంబూలం ఇత్తాను. మొక్కు."

కుర్రాడి ముఖం మాడిపోయింది. "ఆ రోజు డ్యూటీ అండి పిన్నిగారండీ."

"అదేటి పెద్ద పని! మీ బాబాయి మార్పించీయడా?"

ఇన్నేళ్ళ సర్వీసులో తన కోసం ఎవర్నీ ఏమీ అడగని గురునాథరావు, పెళ్ళాం పోరు పడలేక ల్యాబు దాకా వెళ్ళి బతిమాలి ఆ కుర్రాడికి గురువారం సెలవు పుట్టించాడు. ఇక తప్పించుకునే దారి మూసుకుపోయింది.

మర్నాడు సాయంత్రం రోజారమణి వంటింట్లో చింతపండు వేసి ఇత్తడి కుందులు తోముతూంటే నీలిమ వచ్చింది. వచ్చి పీట కూడా వేసుకోకుండా నేల మీదే కూర్చుంది.

"పిన్నీ, గురువారం మేమిద్దరం కలిసి రాలేమండి."

"ఓలమ్మ! ఇడిపోతన్నారేటి?"

"కాదండి. అసలు మేము ఇద్దరం కాదండి. సాయిశంకర్‌ని నేనే. నీలిమనీ నేనే. ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషేనండి."

రోజారమణి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆ ముక్కు కేసి చూసింది. నవ్వు ఆగిపోయింది. చింతపండు చేత్తోనే పైట లాక్కుని భుజం నిండా కప్పుకుంది.

"మరి ఆసుపత్రిలో... నాతో లోపలికి వొచ్చింది?"

"నేనేనండి."

"మగాడివి!"

"ఆ రోజు కాదు పిన్నీ."

"నోర్ముయ్! నాను ఎవులికీ సెప్పని సంగతి, కట్టుకున్నోడికే సెప్పని సంగతి, ఓ మగాడి ముందు సెప్పుకోని ఏడిసానా? నా బతుకు ఇలగైపోనాదేటి? ఎల్లిపో. ముందిక్కడ నుంచి ఎల్లిపో."

నీలిమ లేచింది. కళ్ళు తుడుచుకుంది. "చెప్తే ఇలా అవుతుందని తెలుసండి. గాజువాకలో అద్దెకున్నప్పుడూ ఇలాగే అయింది. కాని చెప్పకుండా ఏదో వంక పెట్టి, ఇంకో గురువారం వాయిదా వేసి, అమ్మవారి మొక్కుతో మిమ్మల్ని మోసం చెయ్యలేనండి. ఈ నెలాఖరుకి క్వార్టరు వదిలేస్తాను. ఎదురుగా ఉండి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను." అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి రోజారమణి అన్నం ముట్టలేదు. గురునాథరావు ఏమైందని అడిగితే ఉపవాసమంది. మొగుడికి చెప్పాలంటే గడ్డ సంగతీ చెప్పాలి. నోట్లో మాట దాచుకోవడం ఎంత కష్టమో ఆవిడకు మొదటిసారి తెలిసింది. పాపం, ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచి దాచుకుంటోందో అన్న ఆలోచన కూడా దాని వెనకే వచ్చింది. కోపంలో ఉన్న మనిషికి అలాంటి ఆలోచనలు రాకూడదని దాన్ని అవతలికి తోసేసింది.

కాని ఆవిడ కోపం ఆవిడ ఆసక్తి ముందు ఎప్పుడూ నెగ్గలేదు. పొద్దున్న పాలు కాస్తూ లెక్కలు తీసింది. ఆ పిల్ల ఎప్పుడైనా 'మా ఆయన' అందా? అనలేదు. మేనరికమని ఎవరన్నారు? తనే అంది. ఎదురు షిఫ్టులని ఎవరన్నారు? అదీ తనే. అబద్ధాలన్నీ తన నోటి నుంచే వచ్చాయి. ఆ పిల్ల చేసిన తప్పల్లా అడ్డు చెప్పకపోవడం. అయినా తనకి అడ్డు చెప్పడం ఎవరి తరమైంది కనక? అత్తగారికే చేతకాలేదు.

మరి ఆ పసుపుకొమ్మో? అక్కడికొచ్చి ఆగిపోయింది. తోడొచ్చిన మనిషి ఆటో మాట్లాడుతుంది, చీటీ రాయిస్తుంది. మెడ బోసిపోతుందేమోనని ముందు రోజే ఆలోచించి, పసుపుకొమ్ముకి తాడు కట్టి బ్యాగులో వేసుకొస్తుందా? మొగుడికి తట్టదు. కొడుక్కి తట్టదు. ఆడదానికే తట్టాలి. ఆ రోజు తన చెయ్యి పట్టుకున్నది ఆడదే. మరి మొన్నామధ్య వచ్చి తన మిక్సీ బాగుచేసిపెట్టిన సాయిశంకరో? వాడు మగాడే, అందులో అనుమానం లేదు. ఇదెలా కుదురుతుంది? కుదరడం కుదరకపోవడం తర్వాత, ముందు తెలుసుకోకుండా ఎలా ఉండడం?

బుధవారం పొద్దున్న వెళ్ళి తలుపు కొట్టింది. "లోపలెవులు?" అంది. ఆ ఇంటి ముందు నిలబడి ఆ ప్రశ్న అడగడం ఎంత సబబో అడిగాక తట్టింది.

"నీలిమనండి."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఉన్నది డ్యూటీ బట్టల్లో, బూట్లతో, ముడేసిన జుట్టుతో ఉన్న సాయిశంకర్. రోజారమణి అయోమయంగా చూసింది.

"బట్టల్ని బట్టి కాదు పిన్నీ. బట్టలు తర్వాత. హెల్మెట్ కింద నీలిమగా ఎన్ని షిఫ్టులు చేశానో నాకే లెక్క లేదండి."

గదిలో అట్టపెట్టెలు కనబడ్డాయి. రెండు కట్టేసి ఉన్నాయి, ఇంకో దాంట్లో గిన్నెలు సగం సర్ది ఉన్నాయి. రోజారమణి వాటిని లెక్కపెట్టింది. వాటి మాట ఎత్తకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాను అడుగుతాను. నువ్వు సెప్పు. నాను మజ్జిలో మాటాడను" అంది. ఆవిడ జీవితంలో ఇంత పెద్ద మాట ఎప్పుడూ ఇవ్వలేదు. "నువ్వు మగాడివా, ఆడదానివా?"

"రెండూనండి. కొన్నాళ్ళు సాయిశంకర్ని. కొన్నాళ్ళు నీలిమని. దీన్ని ఇంగ్లీషులో బైజెండర్ అంటారు. తెలుగులో ఏమంటారో నాకూ తెలీదండి."

"పేరుకేటి కరువు, ఉన్న ఒక్క మడిసికి రెండు పేర్లున్నాయి గదా. అయితే ఆపరేసనదీ సేయించుకోని ఆడదానిగా మారిపోతావేటి?"

"అలా మారాలనుకునేవాళ్ళు ఉన్నారండి, వాళ్ళ దారి వాళ్ళది. నేను ఒకటి వదిలేసి ఇంకోదానిలోకి వెళ్ళాలని అనుకోను. ఏది వదిలేసినా నాలో సగం పోతుందండి."

"పొద్దున్న లేవగానే తెలిసిపోతాదా, ఇయాల ఎవులని?"

"మీకు ఆకలేస్తోందని ఎలా తెలుస్తుందండి? ఎవరైనా చెప్తారా?"

రోజారమణి ఆలోచించింది. బాగానే ఉంది. "సిన్నప్పటి నుంచీనా?"

"చిన్నప్పుడు అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నానండి. మిగతావాళ్ళంతా రోజూ ఒకటేనని తెలిశాక ఆశ్చర్యపోయాను. రోజూ ఒకటే అయితే విసుగు రాదా అని మా అమ్మని అడిగాను కూడాను." ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. "అమ్మకి తెలుసండి. ఫోన్లో ఎవరు మాట్లాడుతున్నారో గొంతుని బట్టి పోల్చేస్తుంది. నాన్న ఇంకా మాట్లాడరు."

"కాకరకాయ సాయి తినడు గదా, నీలిమ తింటాదేటి?"

"నాలుక ఒక్కటేనండి. ఇద్దరమూ తినం."

"అర్ధనారీశ్వరుడనమాట నువ్వు!"

"దేవుణ్ణి చెయ్యకండి పిన్నీ. దేవుణ్ణి చేస్తే ఇక షిఫ్టుకి ఎవరెళ్తారు?"

రోజారమణి చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. అసలు అడగాలని వచ్చింది ఇప్పుడు అడిగింది. "నా గడ్డ సంగతి సాయికి తెలుసా?"

నీలిమ ఎదురుగా నేల మీద కూర్చుంది. "తెలీదని చెప్తే మీరు సంతోషిస్తారండి. కాని అబద్ధమవుతుంది. మనిషి ఒక్కటే, జ్ఞాపకమూ ఒక్కటే. కాని ఆ రోజు మీ పక్కన కూర్చున్నది నీలిమే. మీరు చెప్పుకున్నది ఒక ఆడదానితోనే. అందులో మోసం లేదు పిన్నీ."

"నాకు తెలుసు. పసుపుకొమ్ము తెచ్చినావు గదా. అది మగాడికి తట్టే సంగతి కాదు."

"సాయికీ తట్టేదేమోనండి."

"సాల్లే!" అంది రోజారమణి. కాని ఆ మాట చాలాసేపు ఆవిణ్ణి వదల్లేదు. ఏమో, వాడికీ తట్టేదేమో. "ఇంకోటి. రోజుకి ఒకలేనా? ఇద్దరూ ఒకేసారి వొచ్చీ రోజు ఉండదా?"

"ఉంటుందండి. తక్కువ. అలాంటి రోజున చాలా హాయిగా ఉంటుంది. కాని పిలిస్తే వచ్చేది కాదు."

"రేపొత్తే బాగుణ్ణు" అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఎవులొత్తే ఆలే రండి. పీటలు మాత్రం రెండూ ఏత్తాను. మొక్కు మొక్కే."

గురువారం వచ్చింది. ముగ్గులేసి, రెండు పీటలు వేసి, వాటి ముందు అరిటాకు మీద చీర, పంచె, పళ్ళు, తమలపాకులు సర్దింది. గురునాథరావు గంధం గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అది వాళ్ళ ఇంటి పద్ధతి. పీటల మీద ఇల్లాలికి కాళ్ళకు పసుపు ఇంటావిడ రాస్తుంది, మగాయనకి చేతులకు గంధం ఇంటాయన రాస్తాడు.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి గురునాథరావు అలాగే ఉండిపోయాడు. తెల్ల చొక్కా, ప్యాంటు. విప్పిన జుట్టు. చెవులకు జూకాలు, నుదుట బొట్టు.

"పిన్నిగారండీ, పొద్దున్న లేచేసరికి ఇద్దరమూ ఉన్నామండి" అని ఆ మనిషి గుమ్మంలోనే ఆగింది.

"నిజంగానేనా? నా కోసమని సెప్తన్నావా?"

"నిజంగానేనండి."

రోజారమణి రెండు పీటల్నీ దగ్గరకు జరిపి ఒకదానికొకటి ఆనించింది. "కూకో."

"ఏటే ఇది?" అన్నాడు గురునాథరావు. "ఆ రెండో మడిసేది?"

"ఇద్దరూ వొచ్చీసారు. సాయీ నీలిమా ఒక్క మడిసే. సూత్తన్నావు గదా" అంది. ఆయనకి అర్థం కాలేదని ఆవిడకి అర్థమైంది. ఊపిరి పీల్చుకుంది. "నీకు ఇంకో సంగతి సెప్పలేదు. దసరా ఎల్లినాక నా రొమ్ములో గడ్డొచ్చింది. కంగారు పడకు, ఏటీ నేదు, కొవ్వు గడ్డ. నీకు సెప్తే నువ్వు క్రేను మీద సెయ్యి తప్పుతావని బయమేసింది. సచ్చిపోతాననుకున్నాను. అప్పుడు నాతో ఆసుపత్రికి వొచ్చి, నా సెయ్యి పట్టుకున్నది ఈ మడిసే. ఈ మొక్కు అందుకే."

గురునాథరావు గంధం గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాడు. వాకిట్లో ఎవరో కూరగాయల బండివాడు కేకేసుకుంటూ పోయాడు.

"నాకు సెప్పలేదు" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"సెప్పలేకపోనాను."

రోజారమణి వంగి, పీటల మీద కూర్చున్న మనిషి పాదాలకు పసుపు రాసింది. రెండో పాదానికి రాస్తుండగా ఆ పసుపు మీద పై నుంచి టపటపా కన్నీళ్ళు పడ్డాయి. ఆవిడ తలెత్తలేదు. ఇక గంధం మిగిలింది. అది తన పని కాదు. చేతులు కొంగుకు తుడుచుకుని పక్కకు జరిగి నిలబడింది. నోరు తెరవకుండా నిలబడటం ఆవిడకు ఇంకా అలవాటు కాలేదు, అయినా నిలబడింది.

గురునాథరావు ముందుకొచ్చాడు. మోకాళ్ళు పట్టేసే మనిషి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ఆ ముఖం కేసి, జూకాల కేసి చూశాడు. గంధంలో వేళ్ళు ముంచి, "సెయ్యి ఇలగియ్యి బావూ" అన్నాడు. ఒక చేతికి రాశాడు. మళ్ళీ గంధం తీసుకుని, "ఆ సెయ్యి కూడా ఇయ్యమ్మా" అన్నాడు.

రెండో చేతికీ రాశాక ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "మీ ఇద్దరికీ సెలవెలగ దొరుకుతాదా అని నాను తల బద్దలు కొట్టుకున్నాను. ఒక్క సెలవు సరిపోయింది." ఎవరూ నవ్వకపోయేసరికి కంగారుపడి, "పెట్టెలు కట్టీసినావని మీ పిన్ని కలవరిస్తంది. బోయినం అయినాక నాను వొస్తాను, ఇద్దరం కలిసి ఇప్పీద్దాం" అన్నాడు.

పీటల మీది మనిషి తలూపింది.

రోజారమణి అక్షింతలు వేసి, చీరా పంచె రెండూ ఆ ఒక్క ఒడిలోనే పెట్టింది. పెట్టాక ఇక ఆగలేకపోయింది.

"ఇంతకీ ముందేది కడతావు?"

"రేపు లేచాక తెలుస్తుందండి."

"లేవగానే తలుపు కొట్టి సెప్పు" అంది రోజారమణి. "నాకు తెల్లారేదాకా నిద్ర పట్టదు."